కుటుంబ అక్షరాస్యత బోధకులను తయారు చేయడం: కర్నూలు, అనంతపురం, కడప పల్లెలకు ఒక సమగ్ర మార్గదర్శి

ఆదోని వైపు ఒక పల్లెలో, సాయంత్రం ఆరు దాటిన తరువాత, మా దగ్గర శిక్షణ పొందిన ఒక బోధకురాలి తరగతిని చూడడానికి వెళ్ళాను. అంగన్‌వాడీ గదిలో ఒక గోడ వైపు తల్లులు వాచకాలు పట్టుకుని కూర్చున్నారు. ఎదుటి గోడ వైపు వాళ్ళ పిల్లలు పలకల మీద అ ఆలు దిద్దుతున్నారు. మధ్యలో ఎనిమిది అడుగుల ఖాళీ నేల ఉంది. గంటసేపు ఏ తల్లీ తన బిడ్డ పలకను చూడలేదు, ఏ బిడ్డా అమ్మ చేతిలోని పుస్తకాన్ని ముట్టుకోలేదు. ఆ బోధకురాలిది తప్పేమీ లేదు. మేము పెట్టిన మూడు రోజుల శిక్షణలో పెద్దలకు ఎలా చెప్పాలో ఒక రోజు, పిల్లలకు ఎలా చెప్పాలో ఒక రోజు నేర్పి, మూడో రోజంతా రిజిస్టర్లు నింపడానికి ఖర్చు చేశాము. ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి ఏం చేయాలన్నది మేము చెప్పనే లేదు.

ఆ ఎనిమిది అడుగుల ఖాళీని పూడ్చగల బోధకులను ఎలా ఎంపిక చేయాలి, ఏం నేర్పాలి, ఏ వనరులు చేతికివ్వాలి, తరువాత వారికి ఎలా తోడుండాలి అన్నది ఈ మార్గదర్శి విషయం. మండల స్థాయిలో శిక్షణ నిర్వహించేవారు, అంగన్‌వాడీ టీచర్లు, గ్రామ సంఘాల లెక్కలు, పనులు చూసే సహాయకులు (వీఓఏలు), వయోజన విద్య వాలంటీర్లు దీన్ని వాడుకోవచ్చు. 2011 జనగణన నాటికి ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, అనంతపురం 63.6 శాతం, కడప 67.3 శాతం. కర్నూలు పడమటి మండలాల్లో, ముఖ్యంగా ఆడవారిలో, పరిస్థితి ఆ సగటు కంటే చాలా కింద ఉంది. అక్కడ బడికి వెళ్ళే బిడ్డే ఇంట్లో మొదటి చదువరి కావడం సర్వసాధారణం.

మొదటి మెట్టు: పనిలోని నాలుగు పాయలను గుర్తించడం

కుటుంబ అక్షరాస్యత అనే మాటను 1983లో అమెరికా పరిశోధకురాలు డెనీ టేలర్ వాడుకలోకి తెచ్చారు. 1989లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో షారన్ డార్లింగ్ ఒక జాతీయ కేంద్రాన్ని స్థాపించి, ఈ పనిని నాలుగు పాయలుగా విడదీసిన నమూనాను వ్యాప్తి చేశారు. పెద్దల చదువు, పిల్లల చదువు, పిల్లల పెంపకం గురించి తల్లిదండ్రులకు అవగాహన, తల్లీ బిడ్డా కలిసి నేర్చుకునే సమయం అన్నవే ఆ నాలుగు.

మన జిల్లాల్లో ఈ పాయలను ఎవరు చూస్తున్నారో శిక్షణ మొదటి గంటలోనే బోర్డు మీద రాయించండి. పెద్దల చదువుకు కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం ఉల్లాస్ ఉంది. 15 ఏళ్ళు దాటిన వారి కోసం, జీతం లేని వాలంటీర్ల ద్వారా, 2022 నుంచి 2027 వరకు నడిచేలా దీన్ని రూపొందించారు. పిల్లల చదువుకు 1975 నుంచి సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) కింద అంగన్‌వాడీలు, ఆపైన ప్రాథమిక బడులు ఉన్నాయి. మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు చదవడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021 జూలైలో కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ మొదలైంది. పెంపకం విషయాలను అంగన్‌వాడీలో తల్లుల సమావేశాలు, ఆశా కార్యకర్తలు ఎంతో కొంత చూస్తారు. నాలుగో పాయ దగ్గరకు వచ్చేసరికి బోర్డు మీద ఏ పేరూ ఉండదు. కలిసి నేర్చుకునే సమయం ఏ శాఖదీ కాదు, దానికి రిజిస్టరు లేదు, లక్ష్యం లేదు, తనిఖీ లేదు. అందువల్ల కుటుంబ అక్షరాస్యత బోధకురాలి శిక్షణలో సగం సమయం ఈ నాలుగో పాయకే కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. మిగతా మూడింటికీ ఇప్పటికే ఎవరో ఒకరు ఉన్నారు.

రెండో మెట్టు: బోధకురాలిని ఎంచుకోవడం

డిగ్రీ కంటే ఊరు ముఖ్యం. పది లేదా ఇంటర్ చదివి, అదే ఊళ్ళో కాపురం ఉంటూ, సాయంత్రం ఇంటింటికీ వెళ్ళినా ఎవరూ వింతగా చూడని మనిషి కావాలి. పొదుపు సంఘంలో లెక్కలు రాసే అమ్మాయి చాలాచోట్ల సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే సంఘం సభ్యులు ఆమెను ఇప్పటికే నమ్మి ఉంటారు.

ఇంటి భాషను తప్పకుండా చూడండి. ఆదోని, ఆలూరు వైపు చాలా ఇళ్ళలో కన్నడం, కర్నూలు, కడప, ఆదోని పట్టణాల్లో ఉర్దూ, అనంతపురం తాండాల్లో సుగాలి భాష మాట్లాడతారు. తల్లి తన బిడ్డతో ఏ భాషలో కథ చెబుతుందో ఆ భాష బోధకురాలికి రావాలి. మాట ఇంటి భాషలో సాగి, రాత తెలుగులో సాగినా ఇబ్బంది లేదు. తాండాలో నల్లబల్ల మీద సుగాలి మాటను తెలుగు లిపిలో రాసి చూపినప్పుడు పెద్దవాళ్ళు, ఇది మా మాటే కదా అని దగ్గరికి జరిగి చూస్తారు.

మూడో మెట్టు: ఇంట్లో ఉన్న అక్షరాన్ని వెతకడం

తరగతి గదిలో శిక్షణ మొదలుపెట్టకముందే అభ్యర్థులను ఇద్దరిద్దరిగా నాలుగు ఇళ్ళకు పంపండి. వాళ్ళకు ఒకటే పని. ఇంట్లో రాతతో ఉన్న ప్రతి వస్తువునూ, ఇంటివారి అనుమతితో, చూసి రాసుకుని రావాలి. పేద ఇంట్లో చదవడానికి ఏమీ ఉండదనే నమ్మకం చాలామంది శిక్షకుల్లో ఉంది. నా అనుభవంలో అది ఎప్పుడూ నిలబడలేదు. రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పొదుపు సంఘం పాస్‌బుక్, గ్యాస్ పుస్తకం, గోడ మీద క్యాలెండరు, విత్తనాల ప్యాకెట్టు, మాత్రల అట్ట, పెళ్ళి పత్రిక, పిల్లవాడి టీకా కార్డు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి.

ఒకసారి ఇలా వెళ్ళిన అమ్మాయి తిరిగి వచ్చి ఒక అవ్వ గురించి చెప్పింది. ఆ అవ్వ మందుల కవరులో ఉదయం వేసుకోవలసిన అట్టకు ఒక మూల, రాత్రి వేసుకోవలసిన అట్టకు రెండు మూలలు కత్తిరించి పెట్టుకుంది. అక్షరం రాకపోయినా ఆమె తనకు తానుగా ఒక రాతను ఏర్పరచుకుంది. ఆ అట్ట మీదే ఉదయం, రాత్రి అన్న రెండు మాటలు రాయించి, వాటితో ఆమె పాఠం మొదలుపెట్టాము. పక్కన కూర్చున్న మనవరాలు బడిలో నేర్చిన అక్షరాలతో ఆ మాటలను కూడబలుక్కుని చదివింది. ఇద్దరికీ అదే మొదటి ఉమ్మడి పాఠం అయింది.

ఈ ఇంటి సందర్శన లేకుండా శిక్షణ మొదలుపెట్టవద్దు. ఆ తరువాత మీరు చెప్పే ప్రతి పద్ధతికీ ఉదాహరణలు అభ్యర్థుల నోట్‌పుస్తకాల్లోనే సిద్ధంగా ఉంటాయి. రేషన్ కార్డు, జాబ్ కార్డు ఫోటోలు తీయవద్దని, నంబర్లు రాసుకోవద్దని ముందుగానే ఖచ్చితంగా చెప్పండి.

నాలుగో మెట్టు: కలిసి చదివే గంటను సాధన చేయించడం

ఐదు రోజుల శిక్షణ అయితే రెండో రోజు, నాలుగో రోజు నిజమైన తల్లులను, పిల్లలను శిక్షణ స్థలానికి పిలవండి. ఒక విడతలో ఇరవై మందికి మించి అభ్యర్థులు వద్దు. అంతకు మించితే సాధన తగ్గి ఉపన్యాసం పెరుగుతుంది.

కలిసి చదవడంలో బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి ఒకటి ఉంది. 1988లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు దీన్ని ప్రచురించారు. పెద్దవారు చదువుతుంటే పిల్లలు ఊరికే వినడం కాకుండా, బొమ్మ చూపి అడిగి, పిల్లల చేత మాట్లాడించడం దీని సారం. దీన్ని నేను నాలుగు తెలుగు మాటల్లో నేర్పుతాను. అవి అడగడం, ఒప్పుకోవడం, పెంచడం, మళ్ళీ అనిపించడం. మేక బొమ్మ ఉన్న పేజీ దగ్గర చదువు రాని తల్లి, నాలుగేళ్ళ బిడ్డ మధ్య అది ఇలా సాగుతుంది.

“ఇది ఏందిరా?”
“మేక.”
“ఔ, మేకనే. నల్ల మేక. యాడికి పోతాంది?”
“నీళ్ళకి.”
“నల్ల మేక నీళ్ళు తాగేకి పోతాంది. నువ్వూ అను, చూద్దాం.”
“నల్ల మేక నీళ్ళు తాగేకి పోతాంది.”

ఒక్క మాటతో మొదలైన బిడ్డ ఐదు మాటల వాక్యం పలికాడు, తల్లికి ఒక్క అక్షరమూ అవసరం రాలేదు. చదువు రాని తల్లి బిడ్డ చదువుకు ఏమీ చేయలేదన్న అపోహ మొదట బోధకురాలిలో పోవాలి, ఆ తరువాతే తల్లిలో పోతుంది. అందుకే ఈ సంభాషణను అభ్యర్థులు ఒకరితో ఒకరు కనీసం పదిసార్లు, నిజమైన తల్లీబిడ్డలతో రెండుసార్లు చేసి చూడాలి. చేస్తున్నప్పుడు ఇంకొకరు పక్కన కూర్చుని, బిడ్డ ఎన్ని మాటలు మాట్లాడాడో, పెద్దవారు ఎన్ని మాటలు మాట్లాడారో గీతలు పెట్టి లెక్కించాలి. మొదటిసారి దాదాపు ప్రతి అభ్యర్థీ బిడ్డ కంటే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ గీతలు చూపిస్తే చాలు, మళ్ళీ చెప్పనవసరం ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తల్లి “తాగేకి” అంటే బోధకురాలు “తాగడానికి అనాలి” అని దిద్దకూడదు. పుస్తకాల భాష చదువుతో పాటు దానంతట అదే వస్తుంది. ఇంటి యాసను దిద్దితే తల్లి నోరు మూసుకుంటుంది, తల్లి మాట్లాడని ఇంట్లో బిడ్డకు మాట పెరగదు.

పుస్తకమే లేని ఇంటికి వేమన పద్యం ఉంది. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉన్న సీమ ఇది, ఒక్క పద్యమైనా నోటికి రాని జేజినాయన అరుదు. పెద్దాయన చెబుతుంటే బోధకురాలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయాలి. మళ్ళీ చెబుతున్నప్పుడు బిడ్డ ఒక్కొక్క మాట కింద వేలు జరపాలి. నోటికి వచ్చిన మాట కాగితం మీద ఎక్కడ ఉందో వెతకడమే ఆ ఇద్దరికీ చదువు. పాటలు, పొడుపు కథలు కూడా ఇలాగే పనికొస్తాయి.

ఐదో మెట్టు: పెద్దలకు తెలుగు అక్షరం నేర్పే క్రమం

యాభై ఆరు అక్షరాలను వరుసగా దిద్దించడం పెద్దలకు పనికిరాదు. పగలంతా కూలి చేసి వచ్చిన మనిషి పది రోజుల తరువాత కూడా ఒక్క మాట చదవలేకపోతే పదకొండో రోజు రాదు. బ్రెజిల్‌లో విద్యావేత్త పాలో ఫ్రెయిరి నేర్చుకునేవారి బతుకులోని మాటలను ఎంచి, వాటి మీద ముందు చర్చ జరిపి, తరువాత అక్షరాలుగా విడదీయించారు. మన దేశంలో సాక్షరతా ఉద్యమ కాలపు వాచకాలు కూడా మాట నుంచి అక్షరానికి వెళ్ళే దారినే పట్టాయి, మూడు భాగాల వాచకాన్ని సుమారు 200 గంటల్లో ముగించేలా తయారయ్యాయి.

మాటల ఎంపికను అభ్యర్థుల చేతనే చేయించండి. ఒత్తులు లేని చిన్న మాటలు ముందు రావాలి. వాన, పని, కూలి, నీరు, పాలు, వల, తల వంటి మాటలతో మొదలుపెడితే నాలుగు రోజుల్లో వాటిలోని అక్షరాలను కలిపి కొత్త మాటలు చేయవచ్చు. వాన, వల తెలిసిన మనిషి వలస అన్న మాటకు ఒక్క అక్షరం దూరంలో ఉంటుంది, ఆ మాట మీద ఆమెకు చెప్పడానికి చాలా ఉంటుంది.

ఒత్తుల దగ్గర చాలామంది పెద్దలు ఆగిపోతారు. దానికి కారణం లిపిలోనే ఉంది. క, డ, వ వంటి అక్షరాల ఒత్తు దాదాపు ఆ అక్షరం రూపంలోనే ఉంటుంది, తలకట్టు మాత్రం పోతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని ఏమాత్రం పోలి ఉండవు. మన అదృష్టం ఏమిటంటే తెలుగు చుట్టరికాల పేర్లలో ఎక్కువ భాగం ద్విత్వాలే, అంటే అక్షరం కింద అదే అక్షరం ఒత్తు వచ్చేవే. కాబట్టి ముందు అక్క, అవ్వ, మన సీమలో వేరుశనగను పిలిచే బుడ్డ అన్న మాటలు నేర్పండి. అవి స్థిరపడిన తరువాత అమ్మ, అన్న, అత్త, అయ్య, చెల్లి నేర్పండి. ఇంటిల్లిపాదినీ పేరు పేరునా రాయడం వచ్చేసరికి కష్టమైన ఒత్తుల్లో ఎక్కువ వచ్చేసి ఉంటాయి. రెండు వేర్వేరు అక్షరాలు కలిసే పుస్తకం, కర్నూలు, రాత్రి వంటి మాటలు ఆ తరువాతి పని. మందుల అట్ట మీద రాత్రి అన్న మాటతో మొదలుపెట్టిన అవ్వ కథ ముందే చెప్పాను. అవసరం పిలిచినప్పుడు ఒక కష్టమైన మాటను మొత్తంగా గుర్తుపట్టించవచ్చు, అందులోని ఒత్తును విడదీసి చెప్పడం మాత్రం వాయిదా వేయాలి.

లెక్కలకు బుడ్డలు చాలు. కాయలు ఒలుస్తూ పప్పులను పదేసి కుప్పలుగా పెట్టడం, పది కుప్పలు నూరు అని చెప్పడం తల్లీ బిడ్డా కలిసి చేసే పని. నోటి లెక్క పెద్దలకు ఎప్పుడూ వచ్చే ఉంటుంది, రాయడమే కొత్త.

ఆరో మెట్టు: వనరులను సమకూర్చడం

మూడు ఉమ్మడి జిల్లాలకూ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థలు, అంటే డైట్ కళాశాలలు, ఉన్నాయి. కర్నూలుది బి.తాండ్రపాడులో, అనంతపురానిది బుక్కపట్నంలో, కడపది రాయచోటిలో ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక బుక్కపట్నం శ్రీ సత్యసాయి జిల్లాలోకి, రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళాయి కాబట్టి ఉత్తరం రాసేటప్పుడు చిరునామా చూసుకోండి. 1986 విద్యా విధానం తరువాత డైట్‌లను రూపొందించినప్పుడు వయోజన, అనియత విద్యకు వాటిలో ఒక ప్రత్యేక విభాగాన్ని కూడా ఉద్దేశించారు. శిక్షణకు హాలు, ఒకరిద్దరు అధ్యాపకుల సాయం అడగడానికి అది మంచి ఆధారం.

ఈ రంగంలో అర్హత సంపాదించాలనుకునేవారికి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వయోజన, నిరంతర విద్య విభాగం ఉంది. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వయోజన విద్యలోను, శిశు విద్యలోను దూరవిద్య కోర్సులు నడుపుతోంది. ఇంటి దగ్గరే చదివే మహిళలకు ఇది అనుకూలం. కేంద్రం నడిపే ఆన్‌లైన్ వేదిక దీక్షాలో ఉపాధ్యాయులకు తయారైన పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. చిన్నపిల్లల కార్యకలాపాలకు అంగన్‌వాడీల కోసం కేంద్రం తయారు చేసిన రెండు మార్గదర్శకాలు బాగా ఉపయోగపడతాయి. మూడేళ్ళ లోపు వారికి నవచేతన, మూడు నుంచి ఆరేళ్ళ వారికి ఆధార్‌శిల.

చదివే పుస్తకాల కోసం ప్రథమ్ బుక్స్ వారి ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌ను ముందు చూడండి. 2015లో మొదలైన ఈ వేదికలో తెలుగు, కన్నడ, ఉర్దూ కథలు ఉన్నాయి, స్థాయిల వారీగా విడదీసి ఉన్నాయి, రచయిత పేరు పేర్కొంటూ అచ్చు వేసుకోవడానికి లైసెన్సు అనుమతిస్తుంది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, హైదరాబాదులోని మంచి పుస్తకం ప్రచురించే తెలుగు బొమ్మల పుస్తకాలు చవకగా దొరుకుతాయి. ఒక బోధకురాలికి ఇరవై పుస్తకాల గుడ్డ సంచి సరిపోతుంది. వారానికి రెండు పుస్తకాలు ఇంటికి పంపి, చినిగినా అడగకూడదని నియమం పెట్టుకోండి. చినుగుతుందని భయపడి అటక మీద దాచిన పుస్తకాన్ని ఎవరూ చదవరు.

బడి పాఠ్యపుస్తకాన్ని కూడా మరిచిపోవద్దు. మన రాష్ట్రంలో 2020 నుంచి వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. అక్షరాలు వచ్చిన తల్లి తెలుగు పేజీ చదువుతుంటే బిడ్డ ఇంగ్లీషు పేజీ చూస్తూ కూర్చోవచ్చు. ఖర్చు లేకుండా ఇంటికి వచ్చిన ఉమ్మడి వాచకం ఇది. అలాగే ఇంటి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ పన్నుతో నడిచే శాఖా గ్రంథాలయాల్లో పిల్లల పుస్తకాలు అడగండి. కడపలో వీలైతే అభ్యర్థులను బ్రౌన్ గ్రంథాలయానికి ఒక పూట తీసుకువెళ్ళండి. ఇక్కడ ఉద్యోగం చేసిన ఆంగ్లేయ అధికారి సి.పి.బ్రౌన్ పెద్దయ్యాక ఈ లిపిని నేర్చిన మనిషే.

ఏడో మెట్టు: సుగ్గి కాలానికి ముందే సిద్ధం కావడం

కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల్లో పంట పనులు తగ్గగానే కుటుంబాలు మిరప, పత్తి ఏరడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళతాయి. ఉగాది దాకా తిరిగి రాని ఇళ్ళు ఉంటాయి. శిక్షణ క్యాలెండరు మార్చి నెల లక్ష్యాల కోసం జనవరిలో తరగతులు పెడితే ఆ తాళాలు వేసిన ఇళ్ళ ముందు బోధకురాలు నిలబడాల్సి వస్తుంది. శిక్షణను జూన్‌లోనే ముగించి, దసరా లోపు కనీసం మూడు నెలల తరగతులు జరిగేలా చూడండి.

తల్లిదండ్రులు వెళ్ళినా పిల్లలు అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉంటే ఆ కాలంలో అవ్వే కుటుంబం. నాలుగో మెట్టులోని బొమ్మల సంభాషణను అవ్వలతో కూడా సాధన చేయించండి. ఊరు విడిచిన తల్లి వారానికి ఒకసారి ఫోన్లో రెండు నిమిషాల కథ రికార్డు చేసి పంపేలా నేర్పవచ్చు. బిడ్డ తిరిగి తన పేరు రాసిన కాగితం ఫోటో పంపుతాడు. తల్లి ఆ పేరును గుర్తుపట్టడం కూడా చదవడమే.

ఎనిమిదో మెట్టు: శిక్షణ తరువాతి ఆరు నెలలు

ఐదు రోజుల శిక్షణ ఎంత బాగా జరిగినా మూడో వారానికి పాత అలవాటు తిరిగి వస్తుంది, గోడ వైపు తల్లులు, గోడ వైపు పిల్లలు. మొదటి రెండు నెలల్లో ప్రతి బోధకురాలి తరగతినీ కనీసం నాలుగుసార్లు చూడాలి. చూడడానికి వెళ్ళినవారు తప్పులు రాసుకోవడానికి వెళ్ళకూడదు. మొదటి పావుగంట తామే ఒక తల్లీబిడ్డల జతతో చాప మీద కూర్చుని చేసి చూపాలి, తరువాత బోధకురాలు చేస్తుంటే చూడాలి, చివరగా ఇద్దరూ ఒక్క మార్పు మాత్రమే అనుకోవాలి. నెలకోసారి మండలంలోని బోధకులంతా కలిసి, తమకు ఎదురైన ఒక్క ఇబ్బందిని చెప్పుకునే పూట ఉండాలి. ఆ పూట వారికి బస్సు ఛార్జీ, భోజనం తప్పకుండా ఇవ్వండి. జీతం లేని మనిషి చేత సొంత డబ్బు ఖర్చు పెట్టించడం అన్యాయం.

కొలత విషయంలో బరువు పెంచవద్దు. పిల్లల చదువుకు ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో వాడుతున్న ఒక పేజీ సాధనం తెలుగులో దొరుకుతుంది. బిడ్డ అక్షరాల దగ్గర ఉన్నాడా, మాటల దగ్గరా, ఒకటో తరగతి పేరా దగ్గరా, రెండో తరగతి కథ దగ్గరా అన్నది ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. పెద్దలకు ఉల్లాస్ పరీక్ష ఉంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కటీ 50 చొప్పున 150 మార్కులు. నాలుగో పాయకు మాత్రం మనమే ఒక డైరీ పెట్టుకోవాలి. ప్రతి ఇంటికీ వారానికి ఒక్క వాక్యం, ఈ వారం తల్లీ బిడ్డా కలిసి ఏం చదివారో, ఏం మాట్లాడుకున్నారో, బోధకురాలి సొంత మాటల్లో ఉండాలి. అంకెలు వద్దు.

చర్చ అక్షరం దగ్గర ఆగదని కూడా బోధకులకు ముందే చెప్పాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సాక్షరతా తరగతుల్లో సారా మీద జరిగిన చర్చే ఊరి ఆడవారిని సారా దుకాణం ముందుకు నడిపించింది. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకింది. మన బోధకురాలి చాప మీద కూలి రేట్లు, చిన్న వయసు పెళ్ళిళ్ళు, తాగుడు గురించి మాట వస్తుంది. వచ్చినప్పుడు పాఠం చెడిపోతోందని అడ్డుకోకుండా, ఆ మాటల్లో ఒకదాన్ని బోర్డు మీద రాసి, తల్లి చేత చదివించి, బిడ్డ చేత పలక మీద రాయించే నేర్పు ఆమెకు శిక్షణలోనే రావాలి. దీనికి నాలుగో రోజు మధ్యాహ్నం పూర్తిగా కేటాయించండి.

రెండో ఏడాది అభ్యర్థుల కోసం కొత్తగా వెతకవద్దు. మొదటి ఏడాది చాప మీద కూర్చున్న తల్లుల్లో చదవడం వచ్చిన ఇద్దరిని పిలిచి, సహాయ బోధకులుగా చేర్చుకుని, మూడో మెట్టులోని ఇంటి సందర్శనకు ముందు వాళ్ళనే పంపండి.